ఎత్తు, వేగం, చూపు

2018 నవంబరు 21న శంకర్‌పల్లి మండలం మోకిల పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలింది. అది బేగంపేటలోని రాజీవ్ గాంధీ ఏవియేషన్ అకాడమీది. నడుపుతున్న ట్రైనీ పైలట్ గాయాలతో బయటపడ్డారు. ఏడాది తిరక్కముందే, 2019 అక్టోబరు 6న, అదే అకాడమీకి చెందిన సెస్నా 172 వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్‌లో పొలంలో పడింది. ఇది అమీన్‌పూర్ పక్కన మెడికల్ డివైసెస్ పార్కు ఉన్న సుల్తాన్‌పూర్ కాదు, ఇంకా పడమటగా ఉన్న పల్లె. వాతావరణం బాగాలేని ఆ రోజు విమానంలో ఉన్న ఇద్దరు ట్రైనీలూ చనిపోయారు.

2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి ఎగిరిన సెస్నా 152 నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలింది. అందులో ఒంటరిగా ఉన్న ట్రైనీ ప్రాణాలు కోల్పోయారు. 2023 డిసెంబరు 4 ఉదయం దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మెదక్ జిల్లా తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర నేలను గుద్దుకుంది. నేర్పుతున్న ఇన్‌స్ట్రక్టరూ, నేర్చుకుంటున్న క్యాడెటూ ఇద్దరూ మరణించారు.

ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. ఒకటి 110 హార్స్‌పవర్ ఇంజనుతో నడిచే రెండు సీట్ల బుల్లి విమానం, ఇంకొకటి 700 హార్స్‌పవర్ టర్బోప్రాప్. ఒకచోట పక్కన గురువు ఉన్నారు, మరోచోట ఎవరూ లేరు. కానీ అన్నింటికీ వర్తించే భౌతికశాస్త్రం ఒక్కటే. చిన్న విమానంలో కూర్చున్న మనిషిని కాపాడేవి మూడు: కింద ఎంత ఎత్తు మిగిలింది, రెక్కల మీద ఎంత వేగం ఉంది, కళ్లకు ఎంత దూరం కనిపిస్తోంది. ఒకటి తగ్గితే మిగతా రెండింటితో నెట్టుకురావచ్చు. ఎత్తుంటే దాన్ని వేగంగా మార్చుకోవచ్చు. వేగముంటే కొంత ఎత్తు సంపాదించుకోవచ్చు. చూపు ఆనితే ఏదో ఒక పొలం చూసుకుని దిగవచ్చు. రెండు ఒకేసారి పోతే ఎంతటి పైలట్‌కైనా కష్టమే. విమానం నడపడం నేర్చుకోవడమంటే ఈ మూడింటినీ ఎప్పటికప్పుడు లెక్కపెట్టుకోవడం నేర్చుకోవడమే. కొత్త పైలట్లకు మీటలు తిప్పడం తొందరగానే వస్తుంది. లెక్క నిదానంగా వస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కాలమే ప్రమాదకరం.

మన నెత్తిమీది బడి

పటాన్‌చెరు, సంగారెడ్డి జనానికి శిక్షణ విమానాల రొద కొత్త కాదు. పటాన్‌చెరుకు ఈశాన్యాన, అవుటర్ రింగు రోడ్డు మీదుగా వెళ్తే కొద్ది దూరంలోనే దుండిగల్. 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేసిన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అక్కడే ఉంది. భారత వైమానిక దళంలో పైలట్ కాదలుచుకున్నవాళ్లు మొదటి అక్షరాలు దిద్దేది అక్కడే. హైదరాబాద్ నగరానికి ఉత్తరాన హకీంపేటలో మరో వైమానిక శిక్షణ స్థావరం ఉంది. ముంబయి హైవే మీద జహీరాబాద్ దాటి ఉత్తరానికి మళ్లితే బీదర్ స్థావరం, అక్కడ హాక్ జెట్ల శిక్షణ. ఇక బేగంపేట విషయానికి వస్తే, 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక అది పౌర ట్రైనీలకూ వైమానిక దళానికీ మిగిలింది.

అంటే పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి మూడు వైపులా విమానాల బడులే. పైనుంచి చూసేవారికి ఇక్కడ దారి గుర్తులకు కొదవలేదు. సింగూరు జలాశయం, మంజీర వంపులు, అవుటర్ రింగు, తూర్పు పడమరలుగా సాగే హైవే, బీహెచ్ఈఎల్ షెడ్లు, ఇక్రిశాట్ పచ్చటి మళ్లు అన్నీ స్పష్టంగా ఆనవాలు పట్టవచ్చు. అయితే అదే నేల మీద పాశమైలారం, బొల్లారం, జిన్నారం ఫ్యాక్టరీల పొగగొట్టాలూ, హైటెన్షన్ టవర్లూ, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. దారి చూపే నేల, దిగడానికి చోటివ్వని నేల ఒక్కటే కావడం ఇక్కడి చిక్కు.

రెక్క పని మానేసే కోణం

విమానాన్ని ఇంజను ముందుకు మాత్రమే లాగుతుంది. పైకి ఎత్తేది రెక్క. గాలిని చీల్చుకుపోతూ రెక్క ఆ గాలిని కిందికి మళ్లిస్తుంది. దానికి ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెడుతుంది. ఎదురుగాలికీ రెక్కకూ మధ్య కోణం పెరిగేకొద్దీ ఈ బలమూ పెరుగుతుంది, కానీ ఇది పదిహేను, పదహారు డిగ్రీల దాకానే. ఆ హద్దు దాటితే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారుతున్న గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. అప్పటికీ ఇంజను నిక్షేపంగా తిరుగుతూనే ఉండొచ్చు. పని మానేసింది రెక్క.

దీనికి మందు తేలికే. ముక్కు కిందికి దించి కోణం తగ్గిస్తే గాలి మళ్లీ రెక్కకు అంటుకుంటుంది. కానీ నేల దగ్గరపడుతున్నప్పుడు ముక్కును ఇంకా కిందికి దించడానికి మనసు ఒప్పుకోదు. చేతులు వాటంతటవే వెనక్కి లాగుతాయి. లాగినకొద్దీ స్టాల్ ముదురుతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు మూడు నాలుగు వేల అడుగుల పైకి తీసుకెళ్లి, కావాలని స్టాల్ చేయించి, కోలుకోవడం పదే పదే సాధన చేయిస్తారు. ఆ సాధన బుర్రలో ఉంటే చాలదు, చేతుల్లోకి దిగాలి.

మలుపు తిరిగేటప్పుడు సంగతి మరింత చిక్కుపడుతుంది. విమానం పక్కకు వాలి తిరుగుతుంది. రెక్క పుట్టించే బలంలో కొంత పక్కకు లాగడానికి ఖర్చవుతుంది కాబట్టి బరువు మోయడానికి రెక్క మరింత కష్టపడాలి. 45 డిగ్రీల వాలులో రెక్క మోసేది అసలు బరువుకు 1.4 రెట్లు. 60 డిగ్రీలకు అది సరిగ్గా రెండింతలు. సెస్నా 172 పక్కకు వాలకుండా సూటిగా ఎగిరేటప్పుడు, ఫ్లాపులు దించకపోతే, గంటకు సుమారు 90 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది. 45 డిగ్రీల వాలులో 107 దగ్గరే స్టాల్. 60 డిగ్రీల్లో 127. దిగేటప్పుడు ట్రైనీలు పట్టుకునే వేగం ఇంచుమించు 120. అంటే సూటిగా దిగడానికి క్షేమమైన వేగం, బాగా వాలి తిరిగితే ప్రాణం తీసే వేగం.

ఇది కాగితం మీది లెక్కగా మిగిలిపోదు. దిగే విమానం రన్‌వే పక్కగా సుమారు వెయ్యి అడుగుల ఎత్తున వచ్చి, రెండు మలుపులు తిరిగి రన్‌వేకు ఎదురుగా వస్తుంది. చివరి మలుపు నాటికి ఎత్తు ఐదు వందల అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. వెనుకనుంచి గాలి వీస్తే ట్రైనీ రన్‌వే గీతను దాటిపోతారు. సరిచేద్దామని ఇంకాస్త వాలుస్తారు, కాలితో రడ్డర్ తొక్కుతారు, ముక్కు దిగుతోందని వెనక్కి లాగుతారు. ఒక రెక్క ముందుగా స్టాల్ అయి విమానం గిరగిరా తిరుగుతూ పడుతుంది. దీన్ని స్పిన్ అంటారు. సెస్నా 152 తయారీదారు పుస్తకం ప్రకారం ఒక్క చుట్టు స్పిన్ నుంచి కోలుకోవడానికి కనీసం వెయ్యి అడుగుల ఎత్తు పోతుందనుకోవాలి. ఐదు వందల అడుగుల్లో వెయ్యి అడుగులు ఖర్చుపెట్టడం ఎవరి తరమూ కాదు. సరైన పని ఒక్కటే: థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఆ దిగడం మానుకుని, మరో చుట్టు తిరిగి రావడం.

పైకి లేచే క్షణాలూ ఇలాంటివే. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన సెస్నా 180 గాలిలోకి లేచిన కొద్దిసేపటికే కూలి, నటి సౌందర్య సహా నలుగురు మరణించిన సంగతి తెలుగువారు మరచిపోలేదు. కారణం ఏదైనా సరే, అంత తక్కువ ఎత్తులో దాన్ని సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

మే నెల మధ్యాహ్నం

బేగంపేట సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది. విమానశాస్త్రం ప్రమాణంగా పెట్టుకున్న వాతావరణంలో ఆ ఎత్తుకు ఉండాల్సిన ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో అక్కడ 42 డిగ్రీలు కాస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ప్రమాణం కంటే పెరిగిన ప్రతి డిగ్రీకి, విమానం మరో 120 అడుగులు పైన ఉన్నట్టు లెక్కగట్టడం పైలట్ల పద్ధతి. తేడా 30.5 డిగ్రీలు కాబట్టి దాదాపు 3,660 అడుగులు. దానికి బేగంపేట ఎత్తు 1,742 అడుగులు కలిపితే 5,400 అడుగులు. అంటే మే మధ్యాహ్నం బేగంపేట రన్‌వే మీద నిలబడ్డ విమానానికి తాను 1,650 మీటర్ల ఎత్తున కొండమీద ఉన్నట్టే. దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

పలచని గాలి మూడు వైపులా దెబ్బకొడుతుంది. ఇంజనుకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, రెక్కకు అవసరమైన వేగం పెరుగుతుంది. టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుందన్న స్థూల లెక్క ప్రకారం, 160 హార్స్‌పవర్ ఇంజను ఆ పూట ఇచ్చేది 135 హార్స్‌పవరే. రన్‌వే మీద పరుగు పొడుగవుతుంది, పైకి ఎక్కడం మందగిస్తుంది. డిసెంబరు చలిలో ఉదయం ఏడింటికి చకచకా లేచిన విమానమే మే ఎండలో బద్ధకించడం చూసి ట్రైనీ కంగారుపడి ముక్కు ఇంకా పైకి లాగితే, పైన చెప్పుకున్న కోణం ముంచుకొస్తుంది. వేసవిలో శిక్షణను పొద్దున్నే మొదలుపెట్టడానికి ఇదొక కారణం. మధ్యాహ్నం నేల వేడికి లేచే గాలి తెరలు చిన్న విమానాన్ని ఎగరేసి కుదేయడం మరో కారణం.

వానాకాలం ఇబ్బంది వేరు. పాత తరహా ఇంజన్లలో పెట్రోలు కార్బురేటర్‌లో ఆవిరవుతూ చుట్టూ వేడిని పీల్చేస్తుంది. బయట ఇరవై డిగ్రీల పైన ఉన్నా, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే లోపల మంచు పేరుకుని ఇంజను గొంతు నొక్కుతుంది. దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఉంచితే ముప్పు మరీ ఎక్కువ. హైదరాబాద్ జూలై గాలిలో మంచా అని నవ్వుకున్న ట్రైనీ, ఇంజను చప్పుడు మారగానే కార్బురేటర్ హీట్ మీట లాగడం మరచిపోవచ్చు.

చెవి చెప్పే అబద్ధం

నేల మీద మనం నిటారుగా ఉన్నామో లేదో కళ్లు చెబుతాయి. కళ్లకు సాయంగా లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే నాళం తిరుగుతుంది, ద్రవం వెనకబడుతుంది. ఆ తేడాను మెదడు మలుపుగా గ్రహిస్తుంది. నీళ్ల బకెట్‌ను ఒకే వేగంతో తిప్పుతూ ఉంటే కాసేపటికి నీళ్లూ బకెట్‌తో సమంగా తిరిగినట్టే, విమానం ఒకే తీరుగా ఇరవై సెకన్ల పాటు మలుపు తిరుగుతూ ఉంటే ద్రవమూ నాళాన్ని అందుకుంటుంది. తేడా పోతుంది. మలుపు ఆగిపోయిందని చెవి అంటుంది. అప్పుడు పైలట్ విమానాన్ని నిజంగా సరిచేస్తే, అవతలి వైపు వాలిపోతున్నామని అదే చెవి గోల పెడుతుంది.

ఎదురుగా దిగంతరేఖ కనిపిస్తే ఈ అబద్ధాన్ని కళ్లు పట్టేస్తాయి. మబ్బులోకి దూరితే ఆ రేఖ పోతుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. పరికరాల మీద ఆధారపడి ఎగరడం రాని 20 మంది పైలట్లను గాలిలోకి తీసుకెళ్లి, బయటి చూపు లేకుండా చేసి, విమానాన్ని వాళ్ల చేతికిచ్చారు. ఇరవై మందీ విమానాన్ని అదుపు తప్పించారు. ఒకరు 20 సెకన్లకే, మరొకరు 480 సెకన్లకు. సగటు 178 సెకన్లు, అంటే మూడు నిమిషాల లోపు. దాదాపు అందరూ తమకు తెలియకుండానే మలుపులోకి జారి, ఎత్తు తగ్గుతోందని వెనక్కి లాగి, మలుపును మరింత బిగించి, సుడి చుట్టుకుంటూ కిందికి దిగారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు కాబట్టి బతికారు. అసలు ఆ పరిశోధకుల ఉద్దేశం వెనక్కి తిరిగి బయటపడే ఒక తేలిక పద్ధతిని రూపొందించడం. ఆ పద్ధతి నేర్పాక అదే మనుషులు బయటి చూపు లేకుండానే విమానాన్ని వచ్చిన దారికి తిప్పగలిగారు.

1999 జులై 16 రాత్రి, అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు జాన్ కెన్నెడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సారటోగా అట్లాంటిక్‌లో పడింది. విమానంలో ఉన్న ముగ్గురూ చనిపోయారు. మసక, చీకటి, కింద నల్లటి నీళ్లు, రేఖ కనిపించని ఆకాశం. ఆయనకున్న అనుభవం దాదాపు 310 గంటలు. దిశాభ్రాంతి వల్ల అదుపు తప్పిందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. మబ్బు లేకపోయినా చూపు పోవచ్చని ఈ ఘటన చెబుతోంది.

మన దగ్గర చూపును తినేసేవి రెండు. ఒకటి నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే అక్టోబరు మబ్బులు. మధ్యాహ్నం దాటాక నిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘం పదిహేను కిలోమీటర్ల దాకా ఎదుగుతుంది. దాని కింద నుంచి కుప్పకూలే చల్లగాలి చిన్న విమానం ఎక్కగలిగిన దానికంటే వేగంగా కిందికి తోస్తుంది. ఇక్కడ అనుభవం ఒక్కటే కాపాడదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ కూలినప్పుడు అందులో ఉన్నది ఇద్దరు అనుభవజ్ఞులైన పైలట్లే. ఒక హెచ్చరిక దీపం గురించి తర్జనభర్జన పడుతూ నిమిషాల పాటు వాతావరణం మీద దృష్టి పెట్టలేదనీ, బలమైన దిగుగాలిలో చిక్కుకుని అదుపు తప్పిందనీ దర్యాప్తు జరిపిన త్యాగి కమిటీ తేల్చింది.

రెండోది చలికాలపు ఉదయాలు. రాత్రి నేల చల్లబడి, దాని మీద చల్లగాలి, ఆ పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటుంది. ఫ్యాక్టరీల పొగ, లారీల దుమ్ము, పొగమంచు ఆ మూత కింద ఇరుక్కుంటాయి. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే అతిగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో చేర్చింది. పైలట్‌కు ఇందులో ఒక మోసం ఉంది. సూటిగా కిందికి చూస్తే పలచని మసక పొరలోంచి రోడ్డు, చెరువు స్పష్టంగా కనిపిస్తాయి. ఏటవాలుగా ముందుకు చూస్తే అదే పొర కిలోమీటర్ల మందంగా అడ్డుపడుతుంది. కింద అంతా బాగానే ఉందని దిగడం మొదలుపెట్టాక రన్‌వే మాయమవుతుంది. కంటిచూపుతో ఎగిరేవారికి కనీసం 5 కిలోమీటర్లు కనిపించాలన్న నియమం ఉన్నది ఇందుకే.

ఆగిన ఇంజను, కనిపించని తీగ

ఇంజను ఆగితే విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 ఒక అడుగు దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు జారుతుంది. నేలకు 3,000 అడుగుల ఎత్తున ఉంటే గాలి లేని రోజున దాదాపు 8 కిలోమీటర్లు అందుకోవచ్చు. పటాన్‌చెరు మీద ఇంజను ఆగితే ఇస్నాపూర్ దాటవచ్చన్నమాట. అదే వెయ్యి అడుగులైతే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అందుకే అనుభవమున్న పైలట్ ప్రయాణమంతా ఇప్పుడు ఇంజను ఆగితే ఎక్కడ దిగాలి అని చూసుకుంటూనే ఉంటారు. ట్రైనీకి ఆ ప్రశ్న ఇంజను ఆగాకే తడుతుంది.

పొలం ఎంచుకోవడంలోనూ కిటుకులున్నాయి. మడికట్లు అడ్డంగా కాకుండా పొడవునా ఉండాలి, గాలికి ఎదురుగా దిగాలి, నీళ్లు పెట్టిన వరి మడి కంటే కోసేసిన చేను మేలు. వీటికంటే పెద్ద గండం తీగలు. ఆకాశంలోంచి చూస్తే తీగ కనిపించదు, టవర్ కనిపిస్తుంది. రెండు టవర్లు కనిపిస్తే మధ్యలో తీగ ఉందని మనసు చెప్పుకోవాలి. పరిశ్రమలున్నచోట ఆ టవర్లు వలలా అల్లుకుని ఉంటాయి. జనావాసాల మీద చుట్టుపక్కల అన్నింటికంటే ఎత్తైన కట్టడానికి మరో వెయ్యి అడుగుల పైన, ఇతరచోట్ల నేలకు కనీసం 500 అడుగుల పైన ఎగరాలన్న నియమం తీగల కోసం కూడా.

లేచిన వెంటనే ఇంజను ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే మీదికి రావాలనిపించడం మరో ఉచ్చు. తిరగాల్సింది 180 డిగ్రీలు కాదు, గీత మీదికి రావడానికి అంతకంటే ఎక్కువ. ఎత్తు తక్కువ, వేగం తక్కువ, వాలు ఎక్కువ. ఇంకేం కావాలి? తగినంత ఎత్తు లేనప్పుడు ఎదురుగా కొంచెం అటూ ఇటూగా దొరికిన చోట నిదానంగా దిగితే విమానం చితికినా మనిషి బతికే అవకాశం ఎక్కువ. చిన్న విమానాల సీటు బెల్టులు అలాంటి దెబ్బ కోసమే ఉన్నాయి.

గంటల లెక్క

భారతదేశంలో 16 ఏళ్లకు స్టూడెంట్ పైలట్ లైసెన్సు వస్తుంది. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించి నడపాలి. ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లు, అంటే 556 కిలోమీటర్లు ఉండాలి, దారిలో రెండు విమానాశ్రయాల్లో దిగాలి. ఖర్చు పదుల లక్షలు. కొందరు పొలాలు అమ్మి, కొందరు అప్పు చేసి పంపిస్తారు. ఒక్క రోజు ఎగరకపోతే ఒక్క రోజు వెనకబడ్డట్టే అనిపించే పరిస్థితి ఇది.

అమెరికన్ ఇన్‌స్ట్రక్టర్ పాల్ క్రెయిగ్ 2001లో ‘ద కిల్లింగ్ జోన్’ అనే పుస్తకం రాశారు. చిన్న విమానాల ప్రాణాంతక ప్రమాదాలు 50 గంటల నుంచి 350 గంటల అనుభవం ఉన్నవారిలో గుట్టగా కనిపిస్తున్నాయని చూపించారు. గురువు పర్యవేక్షణలో ఉన్నంతకాలం ట్రైనీ కాస్త భద్రంగానే ఉంటారు, గూడు విడిచాకే గండం అని ఆయన వాదన. తర్వాత అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్‌కు చెందిన విలియం నెక్ట్ ఈ లెక్కనే మళ్లీ విప్పి చూశారు. ఎంతమంది చనిపోయారన్నది ఒక్కటే చాలదు. ఆ గంటల్లో అసలు ఎంతమంది ఎగురుతున్నారన్నది కూడా కావాలి. ఎక్కువమంది ఉన్నచోట ఎక్కువ ప్రమాదాలు కనబడటం సహజం. ఆ సవరణ చేస్తే గండం 350 దగ్గర ఆగిపోలేదు, ఇంకా చాలా దూరం సాగింది. సంఖ్య వేరు, రేటు వేరు అన్న గణాంక పాఠమిది. రెండు అధ్యయనాలూ కలిపి చెప్పేది ఏమిటంటే, లైసెన్సు చేతికొచ్చిన రోజు గండం గడవదు. లాగ్‌బుక్‌లో గంటలు పెరిగినంత వేగంగా తీర్పు పెరగదు. పైగా అదే గాలిలో, అదే రన్‌వే చుట్టూ వంద గంటలు తిరిగితే చేతుల్లో నేర్పు వస్తుందేమో గానీ, ఎన్నడూ చూడని మబ్బు ఎదురైనప్పుడు ఏం చేయాలో రాదు.

దర్యాప్తు దేనికి

కూలిన ప్రతి విమానం కింద పైలట్ తప్పు అని రాసేయడం తేలిక. ఒక్కోసారి యంత్రమే దోషి. వైమానిక దళం ట్రైనీలకు పాతికేళ్ల పాటు అక్షరాలు దిద్దించిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానాలు 1984లో చేరాయి. వాటి ఇంజన్లు గాలిలో మొరాయించడం మామూలైపోయింది. మొత్తం 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు పోయారు. 2009 జులై 31న అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక, దీపక్ విమానాలన్నింటినీ నేలకు దించేశారు. ఆ చనిపోయినవాళ్లు నేర్చుకునేవారు కాదు, నేర్పేవారు. వాటి స్థానంలో 2012లో 75 పిలాటస్ విమానాలకు ఆర్డరిచ్చారు, మరుసటి ఏడాది నుంచి దుండిగల్‌లో అవి వాడకంలోకి వచ్చాయి. స్వదేశీ శిక్షణ విమానం హెచ్‌టీటీ-40 తొలిసారి ఎగిరింది 2016 మే 31న.

పౌర విమానాల ప్రమాదాలను పరిశీలించడానికి 2012లో ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో ఏర్పడింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమావళిలోని 13వ అనుబంధం దర్యాప్తుకు ఒకే ప్రయోజనం చెబుతుంది: మళ్లీ జరగకుండా చూడటం. నింద మోపడం, శిక్ష వేయడం దాని పని కాదు. ఈ సూత్రం వెనుక ఆచరణ జ్ఞానం ఉంది. శిక్ష పడుతుందని భయముంటే, ‘ఇవాళ నేనూ ఆ మలుపులో తప్పు చేయబోయి బయటపడ్డాను’ అని ఎవరూ చెప్పరు. చెప్పకపోతే మరో ట్రైనీ అదే మలుపులో అదే తప్పు చేస్తారు. అందువల్ల మంచి శిక్షణ కేంద్రాన్ని కొలవాల్సింది ఎన్ని గంటలు ఎగిరించారని కాదు. తప్పించుకున్న ప్రమాదాల గురించి అక్కడ ఎంత నిర్భయంగా మాట్లాడుకుంటారని.

పాఠకులకు రెండు మాటలు. మొదటిది ఈ పొలాల్లో ఉండేవారికి. ఎప్పుడైనా విమానం కూలితే ముందు 112కు ఫోన్ చేయండి. చిన్న విమానాల పెట్రోలు ఇట్టే అంటుకుంటుంది, బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. లోపలివారిని బయటికి తీయడం, మంటలార్పడం మీ పని. అంతకుమించి శకలాలను కదల్చడం చట్టప్రకారం కూడదు, ఒక్క ముక్క జరిగినా దర్యాప్తు దారి తప్పుతుంది. వైమానిక దళం విమానమైతే సీటు కింద పేలుడు గుళికలు ఉండొచ్చు, అసలు ముట్టుకోకండి.

రెండోది పిల్లల్ని పైలట్లుగా చూడాలనుకునే తల్లిదండ్రులకు. ఫీజు ఎంత, ఎన్ని నెలల్లో అయిపోతుంది అన్న ప్రశ్నలతో పాటు, మబ్బు పట్టినప్పుడు ఎగరడం ఆపే అధికారం ఎవరిది, ట్రైనీ ఎగరనంటే ఏమంటారు అని కూడా అడగండి. ఎత్తు, వేగం, చూపు మూడింటినీ భద్రంగా చూసుకోవడం నేల మీద ఉన్నప్పుడే మొదలవుతుంది. వాతావరణం బాగాలేక ఇవాళ ఎగరలేదని మీ అమ్మాయో అబ్బాయో ఫోన్ చేస్తే, ఖర్చయిన రోజును లెక్కగట్టకండి. మంచి పని చేశావని చెప్పండి.